డాబా మీద సోలార్ హీటర్: ఏది ఎక్కడ, ఎంత ఎత్తులో?

ఇల్లు పూర్తయి రంగులు కూడా వేశాక చాలామందికి సోలార్ వాటర్ హీటర్ గుర్తొస్తుంది. అప్పటికే ఓవర్‌హెడ్ ట్యాంకు స్లాబు మీద కూర్చుని ఉంటుంది, మెట్ల గది లేచి ఉంటుంది, పైపులు గోడల్లోకి వెళ్లిపోయి ఉంటాయి. మిగిలిన ఖాళీలో హీటర్‌ను నిలబెట్టేస్తారు. ఈ పద్ధతి మారాలి. ఇళ్లలో వాడే హీటర్లలో చాలావాటికి మోటారు ఉండదు. నీటిని నడిపించేది అమరికే.

20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఘనపు మీటరు నీరు సుమారు 998 కిలోలు తూగుతుంది. 60 డిగ్రీల దగ్గర 983 కిలోలే. ఎండను పట్టే ప్యానెల్‌లో వేడెక్కిన నీరు తేలికై, దానికి పైనున్న హీటర్ సొంత ట్యాంకులోకి చేరుతుంది, ఆ ట్యాంకు అడుగునున్న చల్లని నీరు బరువుగా కిందికి దిగుతుంది. ఎండ ఉన్నంతసేపూ ఈ ప్రదక్షిణ సాగుతుంది. కానీ దాని వెనకున్న బలం చాలా చిన్నది. మీటరు ఎత్తున్న చల్లని, వేడి నీటి స్తంభాల మధ్య తేడా ఒకటిన్నర సెంటీమీటర్ల నీటి ఒత్తిడికి మించదు. కాబట్టి ప్యానెల్ నుంచి ట్యాంకుకు వెళ్లే పైపు పొట్టిగా ఉండాలి, ఎక్కడా కిందికి వంగకుండా పైకే లేవాలి. మధ్యలో మూపులా ఒక వంపు ఉంటే అక్కడ గాలి బుడగ చేరి, ఆ కాస్త బలాన్నీ ఆపేస్తుంది.

అమెరికాలో క్లారెన్స్ కెంప్ 1891లో పేటెంటు పొందిన హీటర్‌లో నీటి ట్యాంకులే ఎండలో, గాజు పెట్టెలో ఉండేవి. సాయంత్రానికి కాగిన నీళ్లు తెల్లారేసరికి చల్లారిపోయేవి. 1909లో విలియం బెయిలీ ప్యానెల్‌ను, ట్యాంకును విడదీసి, వేడి పోకుండా చుట్టిన ట్యాంకును పైన పెట్టాడు. దానికి ‘డే అండ్ నైట్’ అని పేరు పెట్టి అమ్మాడు. కొత్త లోహమూ లేదు, కొత్త ఇంధనమూ లేదు. స్థానం మార్చడమే ఆ ఆవిష్కరణకు ప్రాణం.

రాత్రిపూట ప్యానెల్ చల్లబడినప్పుడు నీరు వెనక్కి తిరగకూడదంటే ట్యాంకు అడుగు ప్యానెల్ పై అంచుకన్నా సుమారు 30 సెంటీమీటర్లు ఎత్తులో ఉండాలి. ప్యానెల్‌కు బదులు గాజు గొట్టాలుండే రకంలో గొట్టాలు నేరుగా ట్యాంకులోకే దిగుతాయి కాబట్టి ఈ లెక్క అక్కర్లేదు.

ఇప్పుడు మొత్తం ఎత్తు కూడదాం. డాబా మీద 30 సెంటీమీటర్ల కాళ్లు, 30 డిగ్రీల వాలున్న రెండు మీటర్ల ప్యానెల్‌కు ఒక మీటరు, పైన 30 సెంటీమీటర్ల ఎడం, హీటర్ ట్యాంకుకు అర మీటరు. రెండు మీటర్లు దాటింది, అంటే దాదాపు ఏడడుగులు. చల్లని నీళ్లిచ్చే ఓవర్‌హెడ్ ట్యాంకు అడుగు ఇంతకన్నా పైన ఉండాలి. లేకపోతే దానిలో మట్టం తగ్గగానే హీటర్‌కు నీళ్లు అందవు. స్లాబు వేయకముందే పిల్లర్లను ఆ ఎత్తుకు లేపమని మేస్త్రీకి చెప్పడం తేలిక, తరువాత ట్యాంకును లేపడం కష్టం. హీటర్ నుంచి లేచే గాలి గొట్టం కూడా ఓవర్‌హెడ్ ట్యాంకు నిండు మట్టాన్ని దాటాలి. దాటకపోతే ట్యాంకు నిండినప్పుడల్లా ఆ గొట్టం నుంచి నీళ్లు కారతాయి. 200 లీటర్ల హీటర్‌లో నీటి బరువే 200 కిలోలు. దాని కాళ్లు దూలాల మీద పడేలా చూడాలి.

ఇక ఎండ. ప్యానెల్ దక్షిణానికి తిరగాలి. హైదరాబాద్ అక్షాంశం సుమారు 17.4 డిగ్రీలు. వేడినీళ్ల అవసరం చలికాలంలో కాబట్టి ప్యానెల్ వాలు అక్షాంశానికన్నా పది పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉంచుతారు. డిసెంబరు చివర అక్కడ మధ్యాహ్నం సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకే చేరతాడు. ఉదయం తొమ్మిదికి దాదాపు 30 డిగ్రీలే. అప్పుడు ఒక మీటరు ఎత్తు వస్తువు నీడ సుమారు 1.7 మీటర్లు వాయవ్యానికి సాగుతుంది. ఏటవాలుగా పడుతుంది కాబట్టి సూటిగా ఉత్తరానికి కొలిస్తే అది మీటరుంబావు లోపే. దక్షిణపు పిట్టగోడ మీటరు ఎత్తుంటే, దాని నుంచి మీటరుంబావు వదిలితే తొమ్మిది నుంచి మూడు వరకు ఎండకు అడ్డుండదు.

మన ఇళ్లలో వాస్తు ప్రకారం ఓవర్‌హెడ్ ట్యాంకు తరచూ నైరుతి మూలకు వెళ్తుంది. మధ్యాహ్నం మూడింటి నీడ అక్కడి నుంచి ఈశాన్యం వైపు, అంటే డాబా నడిమికి పడుతుంది. అందుకే అలాంటి ఇంట్లో ప్యానెల్‌ను ఆ ట్యాంకుకు సూటిగా తూర్పున, దక్షిణపు గోడకు ఆ మీటరుంబావు ఎడం ఉంచి ఆగ్నేయానికి జరపడం నాకు సరిగ్గా తోస్తుంది. చలికాలంలో సూర్యుడు సూటిగా పడమరకు ఎన్నడూ రాడు కాబట్టి ఆ ట్యాంకు నీడ ప్యానెల్‌ను తాకదు. బోరు నీళ్లలోని సున్నం సన్నని గొట్టాల్లో పేరుకుంటుంది కాబట్టి, విప్పి కడగడానికి చుట్టూ మనిషి నిలబడేంత జాగా వదలాలి.

స్నానాల గది ఆ మూలకు దూరమైతే మరో నష్టం. ముప్పావు అంగుళం పైపులో మీటరుకు సుమారు 0.3 లీటర్ల నీరు నిలుస్తుంది. ఇరవై మీటర్లకు ఆరు లీటర్లు. వేడినీళ్లు వచ్చేలోగా కుళాయి విప్పిన ప్రతిసారీ అవి వృథా. పైపుకు వేడి పోని తొడుగు వేస్తే వెంటవెంటనే స్నానాలు చేసే ఇంట్లో కొంత ఆదా అవుతుంది. మామూలు పీవీసీ పైపు వేడికి మెత్తబడుతుంది, వేడిని తట్టుకునే సీపీవీసీ వాడాలి.

స్నానాల గది చల్లని కుళాయికి ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి వేరే పైపు రావాలి. హీటర్‌కు వెళ్లే పైపు నుంచే చీలిక తీస్తే, చల్లని కుళాయి తిప్పినప్పుడు హీటర్‌లోని వేడినీళ్లు వెనక్కి వచ్చే ప్రమాదం ఉంది. చల్లని వైపు ప్రెషర్ పంపు పెట్టి వేడి వైపు పెట్టకపోయినా చిక్కే. మిక్సర్ కుళాయి దగ్గర చల్లని నీరు వేడినీటిని నెట్టేసి, పైపు వెంట హీటర్‌లోకే ఎక్కుతుంది.