మెరక చేసిన ఎకరంలోని నీళ్లు ఎటు పోతాయి?

2024 సెప్టెంబరు 1న విజయవాడలో సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగినప్పుడు ఊరంతా బుడమేరు గట్టుకు పడ్డ గండ్ల గురించే మాట్లాడుకుంది. గండ్ల సంగతి నిజమే, వాటిని పూడ్చడానికి ఆర్మీ కూడా రావాల్సి వచ్చింది. కానీ ఇళ్లలోకి వచ్చిన నీళ్లు రోజుల తరబడి ఎందుకు కదల్లేదో తెలియాలంటే గట్టును చూస్తే సరిపోదు, చుట్టూ ఉన్న పల్లపు భూములను చూడాలి.

బుడమేరు మైలవరం వైపు కొండల్లో పుట్టి, విజయవాడను ఒరుసుకుంటూ పోయి కొల్లేరులో కలుస్తుంది. దారి పొడవునా ఉన్న చెరువులు, వరి చేలు, తుంగ మొలిచే పల్లాలు వాన నీటిని పట్టి ఉంచి మెల్లగా వదులుతాయి. ఎకరంలో అడుగు లోతు నీళ్లు నిలిస్తే సుమారు 12.3 లక్షల లీటర్లు. అంటే పది వేల లీటర్ల ట్యాంకర్లు 120కి పైనే. ఆ ఎకరంలో గ్రావెల్ తోలి రోడ్డు మట్టానికి లేపితే ఆ నీళ్లన్నీ పక్క పల్లంలోకి పోతాయి. భూమిలోకి ఇంకుతాయిలే అనుకోవడానికీ లేదు. నల్లరేగడి తడిసిందంటే ఉబ్బి, పగుళ్లు మూసుకుపోతాయి, నీటిని తొందరగా దిగనివ్వదు. ఇక్కడ వరదను ఆపేది నేలపైన ఉన్న ఖాళీ జాగాయే.

పల్లం చేసే ఇంకో పని కంటికి కనిపించదు. తుంగ మొదట్లోని బురదలో పైపొర దాటగానే ఆక్సిజన్ ఉండదు. అక్కడి బాక్టీరియా ఆక్సిజన్‌కు బదులు నైట్రేట్‌ను వాడుకుని, దాన్ని నైట్రోజన్ వాయువుగా మార్చి గాలిలోకి వదులుతాయి. ఊరి మురుగు, పొలాల యూరియా మోసుకొచ్చే నైట్రేట్‌లో కొంత ఇలా కొల్లేరు చేరకముందే తగ్గిపోతుంది. ఈ పనికి ఎవరూ కరెంటు బిల్లు కట్టక్కర్లేదు.

కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాలో చేరింది. దాని హద్దును ఐదో కాంటూరుతో, అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు గీతతో నిర్ణయించారు. హద్దు లోపల అటవీ శాఖ ఉంది. మరి ఎగువన? కేంద్రం 2017లో తెచ్చిన చిత్తడి నేలల నిబంధనలు నదీ ప్రవాహాలనూ, వరి పొలాలనూ, సాగు కోసం కట్టిన జలాశయాలనూ పక్కన పెట్టాయి. అంటే బుడమేరు పరీవాహకంలో చాలా భాగానికి ఆ రక్షణ వర్తించదు. అక్కడ మిగిలే కాపలా పంచాయతీ, మున్సిపాలిటీ, రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ)లదే. రాజ్యాంగం 11వ షెడ్యూలు నీటి నిర్వహణను పంచాయతీల జాబితాలో, 12వ షెడ్యూలు భూ వినియోగాన్ని, పర్యావరణ పరిరక్షణను మున్సిపాలిటీల జాబితాలో పెట్టింది కూడా.

రాష్ట్ర భవన నిర్మాణ నిబంధనల్లో బఫర్, అంటే చెరువు చుట్టూ కట్టడాలు లేకుండా వదలాల్సిన జాగా ఉంది. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువుకు 9 మీటర్లు. నాకున్న పెద్ద అభ్యంతరం ఇక్కడే. కొండ ప్రాంతంలో 30 మీటర్లు దూరం జరిగితే ఎంతో ఎత్తుకు వెళ్తాం. డెల్టాలో అలా కాదు. నేల వెయ్యి అడుగులకు ఒక్క అడుగు లేస్తోందనుకుంటే, చెరువులో నీరు అడుగు పెరిగినా 300 మీటర్ల దాకా పరుచుకుంటుంది. బల్లపరుపు నేల మీద దూరాన్ని కాకుండా ఎత్తును కొలవాలి. కొల్లేరుకు చేసింది అదే.

రెండోది, అనుమతులు ఒక్కో లేఅవుట్‌కు విడివిడిగా ఇస్తారు. ఒక్కొక్కటి చూస్తే రెండెకరాలు, మూడెకరాలు, పెద్ద తేడా ఏముందిలే అనిపిస్తుంది. ఇన్నేళ్లలో ఒక వాగు పరిధిలో మొత్తం ఎన్ని ఎకరాలు మెరక చేశారన్న లెక్క ఒక్కచోట ఉంటే, వాన వచ్చేలోపే ప్రమాదం కనిపిస్తుంది. రెండూళ్ల మధ్య హద్దు ఉన్నా వాగు ఒక్కటే కాబట్టి, ఆ లెక్కను పంచాయతీలు, మున్సిపాలిటీ కలిసి రాయాలి.

గ్రామసభలోనో, వార్డు సచివాలయంలోనో లేఅవుట్ గురించి అడిగేటప్పుడు సర్వే నంబరుతో పాటు మట్టి తోలకముందు, తోలాక లెవెల్స్, అంటే నేల ఎత్తు ఎంతో కూడా అడగండి. అవి సముద్రమట్టం నుంచి కొలిచినవై ఉండాలి. పక్క రోడ్డు నుంచి కొలిచామంటే ఒప్పుకోవద్దు. రోడ్డు మీద కొత్త పొర వేసిన ప్రతిసారీ ఆ కొలత మారిపోతుంది.