నలుపు-తెలుపు మంచు చిత్రాలు: అపోహలు, వాస్తవాలు

విజయవాడ గవర్నర్‌పేటలో ఫోటోలు ప్రింటు వేసే పనిలో ఉన్న నాకు ఏటా ధనుర్మాసం రాగానే ఒకే మాట పదేపదే వినబడుతుంది: "మంచు కదండీ, ఇంకాస్త తెల్లగా వేయండి." బ్యారేజీ మీది పొగమంచైనా, హిమాలయాల్లో తీసుకొచ్చిన మంచుకొండలైనా ఇదే కోరిక. మంచు ఎంత తెల్లగా ఉంటే చిత్రం అంత గొప్పదన్న ఈ అపోహ చెడగొట్టినన్ని చిత్రాలను, నేను చూసినంతలో, మరేదీ చెడగొట్టలేదు.

ప్రింటులో పూర్తి తెలుపు అంటే అక్కడ ఒట్టి కాగితం మాత్రమే ఉందని అర్థం. అడుగుజాడ, గాలి గీసిన చార, నేల ఎత్తుపల్లాలు, ఇవన్నీ లేత బూడిద ఛాయల్లోనే నిలుస్తాయి. వాటిని చెరిపేస్తే మంచే పోతుంది. కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు ఎదుట ఉన్నదంతా దాదాపు 18 శాతం వెలుతురును తిప్పిపంపే మధ్యస్థ బూడిద రంగే అనుకుని మంచును మసకబారుస్తుంది కాబట్టి, తీసేటప్పుడు వెలుతురును ఒకటి రెండు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) పెంచడం అవసరమే. అయితే ఆ పెంపుకు హద్దుంది. 1940 ప్రాంతంలో అమెరికన్ ఫోటోగ్రాఫర్లు ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ రూపొందించిన, ఛాయలను మెట్లుగా లెక్కించే జోన్ సిస్టమ్‌లో చిక్కటి నలుపు 0, కాగితపు తెలుపు 10 అయితే, వివరం కనబడే మంచుకు చోటు 8 దగ్గర.

మొన్నటి చలికాలంలో ఒక రిటైర్డ్ మాస్టారు గోడ మీది మంచు మైదానం ప్రింటు ముందు చాలాసేపు నిలబడి, "బాబూ, మంచు కురిసే చోటు నేనెన్నడూ చూడలేదు, ఇందులో సగం ఖాళీగానే కనబడుతోంది, ఇది నాకు అర్థం కాదేమో" అని నొచ్చుకున్నారు. ఒక తెల్లకాగితం ముక్క తెచ్చి ఆ మంచు పక్కన ఆనించి, "ఇప్పుడు చూడండి మాస్టారూ" అన్నాను. అంతవరకు తెల్లగా తోచిన మంచు బూడిద రంగుకు తిరిగింది. కంచె నీడ పక్కన గాలి మలిచిన సన్నని గట్లు ఆయనకు ఒక్కొక్కటే కనబడసాగాయి. ఇలా బెరుకుపడే వారందరికీ నేను చెప్పేది ఒకటే: పొగమంచులో సీతానగరం కొండ కంటే దాని వెనక కొండ పాలిపోయి కనబడటం మీరు చూసే ఉంటారు, ఛాయను బట్టి దూరాన్ని పోల్చుకునే ఆ చూపే ఇక్కడా సరిపోతుంది.

రంగు తీసేస్తే చాలు, నలుపు-తెలుపు చిత్రం వచ్చేస్తుందంటారు. అదీ అపోహే. మంచు మీది నీడల్లో ఆకాశపు నీలం ఉంటుంది కాబట్టే, లెన్సుకు పసుపు ఫిల్టరు తగిలిస్తే ఆ నీడలు చిక్కబడి మంచు గరుకుదనం బయటపడుతుంది. ఏ రంగు ఏ ఛాయగా మారాలన్నది మనిషి తీసుకునే నిర్ణయం. పాతకాలపు ఫోటోగ్రాఫర్లు రంగుల ఫిల్ము లేకనే నలుపు-తెలుపులో తీశారన్నదీ పూర్తిగా నిజం కాదు. 35 మి.మీ. రంగుల ఫిల్ము కోడాక్రోమ్ 1936లోనే వచ్చింది, ఆడమ్స్ రంగుల్లోనూ తీశాడు.

ఇక నలుపు-తెలుపు చిత్రంలో మార్పులు చేయరన్న నమ్మకం. 1944లో కాలిఫోర్నియాలోని లోన్ పైన్ నుంచి ఆడమ్స్ తీసిన "వింటర్ సన్‌రైజ్"లో వెనక మంచుకొండలు, నడుమ నల్లటి గుట్టలు, ముందు ఎండ పడిన పచ్చిక బయలులో ఒక గుర్రం ఉంటాయి. ఆ గుట్టల్లో ఒకదాని మీద బడి పిల్లలు సున్నంతో పెద్దగా దిద్దిన ఊరి పేరు పొడి అక్షరాలను ఆయన ప్రింటులో కనబడకుండా తీసేశాడు, ఆ సంగతి తనే రాశాడు. దాన్ని మోసమనడం నాకు సమ్మతం కాదు, ఎందుకంటే ఆ తెల్లటి అక్షరాలు ఉండి ఉంటే చూపు అక్కడే చిక్కుకుని గుర్రం దాకా దిగేది కాదు.