గంజాయి ముందా, మనిషి తీరు ముందా?

ఎవరైనా తిక్కగా మాట్లాడితే హైదరాబాద్‌లో ఎర్రగడ్డ పేరెత్తినట్టే, చెన్నైలో కీల్పాక్ పేరెత్తుతారు. ఇక్కడి తెలుగిళ్ళలోనూ అంతే. అక్కడి పిచ్చాసుపత్రి 1871 నాటిది. తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న కాలం.

అప్పటి పిచ్చాసుపత్రుల రిజిస్టర్లలో 'కారణం' అని ఒక గడి ఉండేది. రోగిని తెచ్చి అప్పగించేది చాలాసార్లు పోలీసులే. వెనకా ముందూ తెలియని మనిషికి కారణం ఏమని రాస్తారు? గంజాయి తాగుతాడని ఎవరైనా అంటే చాలు, గడి నిండిపోయేది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన కమిషన్ ఈ రిజిస్టర్లను తిరగేసింది. 1892లో గంజాయి, భంగు, చరస్ ఖాతాలో వేసిన 222 కేసులను విచారిస్తే నిలబడినవి 98. మితంగా వాడితే మతి చెడదనీ, అతిగా వాడితే, అందులోనూ ముందే ఏదైనా బలహీనతో వంశ లక్షణమో ఉంటే, చెడవచ్చనీ 1894 నివేదిక తేల్చింది.

ఆ 'ముందే ఉన్న బలహీనత' ఏమిటన్నదే అసలు చిక్కు. దానికో పేరు దొరకడానికి అరవై ఏళ్ళు పట్టింది. రాడో అనే డాక్టరు 1950లలో వాడిన 'స్కిజోటైపీ' అన్న మాటను 1962లో పాల్ మీల్ అనే అమెరికా మనస్తత్వవేత్త సిద్ధాంతంగా మలిచాడు. ఇది జబ్బు కాదు, మనిషి తీరు. ఎదురింటివాళ్ళు నవ్వుకుంటే తనను చూసే అనుకోవడం, టీవీలో మాట తనకే చెప్పినట్టు అనిపించడం, నలుగురిలో కలవలేకపోవడం. కొద్దో గొప్పో చాలామందిలో ఉండేవే. (మన ఇళ్ళలో 'వాడి లోకం వాడిది' అని వదిలేస్తాం.)

1987లో స్వీడన్ నుంచి పెద్ద లెక్క వచ్చింది. సైన్యంలో చేర్చుకున్న 45 వేల మందికి పైగా కుర్రాళ్ళను 15 ఏళ్ళు గమనిస్తే, 50 సార్లకు మించి గంజాయి వాడామన్నవాళ్ళకు స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు బలపడటం వంటి లక్షణాలున్న తీవ్రమైన మానసిక జబ్బు) ఆరు రెట్లు ఎక్కువగా వచ్చింది. మిగతా కారణాలను తీసేసి చూస్తే ఆ తేడా తగ్గింది, పోలేదు.

అయితే ఏది ముందు? స్కిజోటైపీని కొలిచే ప్రశ్నావళుల్లో గంజాయి వాడేవాళ్ళకు మార్కులు ఎక్కువని 1990లలోనే తేలింది. కానీ 2005లో వచ్చిన ఒక అధ్యయనంలో, చాలామందికి ఆ లక్షణాలు గంజాయి అలవాటుకు ముందే ఉన్నాయి. ఆ లక్షణాలున్నవాళ్ళకే తాగినప్పుడు అనుమానాలు, భ్రమలు ఎక్కువని మరుసటి ఏడాది ఇంకొకటి చెప్పింది. నా మటుకు నాకు ఇది రెండువైపులా నడిచే దారి అనిపిస్తుంది.

సరుకు కూడా మారింది. మత్తెక్కించే టీహెచ్‌సీ 10 శాతమో అంతకంటే ఎక్కువో ఉన్న రకాన్ని రోజూ వాడితే సైకోసిస్ (ఏది నిజమో ఏది భ్రమో తెలియని స్థితి) ముప్పు దాదాపు అయిదు రెట్లని యూరప్, బ్రెజిల్‌లలో చేసి 2019లో వెలువరించిన అధ్యయనం చెబుతోంది.

ఇవాళ నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో కొడుకును చెన్నై తీసుకొచ్చిన తల్లిదండ్రులు "ఫ్రెండ్స్ చెడగొట్టారు సార్, గంజాయి వల్లే" అంటే, డాక్టరు దాన్ని రాసుకుని ఇంకా వెనక్కి వెళ్తాడు: చిన్నప్పుడు ఎలా ఉండేవాడు? ఎప్పటినుంచి ఒంటరిగా ఉంటున్నాడు? మీ ఇళ్ళలో ఇంకెవరికైనా ఇలా ఉందా?