ఉక్కపోత రోజున కుండ ఎందుకు మొరాయిస్తుంది?

ఒడిశాలోని మా పర్లాకిమిడి వేసవిలో రెండు రకాల ఎండలున్నాయి. వడగాడ్పు కొట్టే రోజున కుండలో నీళ్లు గొంతు జిల్లుమనేంత చల్లగా ఉంటాయి. రెండు రోజులకి గాలి సముద్రం వైపు నుంచి తిరుగుతుంది. ఎండ కాస్త తగ్గుతుంది గానీ ఒళ్లంతా చెమట జిడ్డు. అదే కుండ, అరుగు మీద అదే చోటు, నీళ్లు మాత్రం చప్పగా ఉంటాయి. "కుండ పాడైందిరా" అనేది మా మామ్మ. ఇద్దరం వెళ్లి కొత్తది తెచ్చేవాళ్లం. ఆ రోజున కొత్తదీ మొరాయించేది.

కారణం చాలా ఏళ్ల తర్వాత ఫోన్‌లో తెలిసింది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో మొదలుపెట్టిన ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో శీతలీకరణ, అంటే చల్లబరిచే పద్ధతుల, పాఠాలున్నాయి. చూడటానికి పైసా కట్టనక్కర్లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. ఏసీ ఎలా పనిచేస్తుందో చూద్దామని తెరిస్తే మా అరుగు మీది కుండ ఎదురైంది.

కుండ గోడలోని సన్నటి రంధ్రాల గుండా నీరు పైకి చెమర్చి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరవడానికి దాదాపు 580 కేలరీల వేడి కావాలి. ఆ వేడిలో ఎక్కువ భాగం లోపలి నీళ్ల నుంచే పోతుంది. గ్రాము నీటిని ఒక డిగ్రీ చల్లబరచాలంటే ఒక్క కేలరీ తీస్తే చాలు. కాబట్టి 10 లీటర్ల కుండలో 100 మిల్లీలీటర్లు, అంటే ఒక గ్లాసు కంటే తక్కువ, ఆవిరైతే మిగతా నీళ్ల వేడి దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. బయటి వేడి మళ్లీ లోపలికి చేరుతూనే ఉంటుంది కనుక అంత పూర్తిగా దక్కదనుకోండి.

అసలు కిటుకు ఇక్కడుంది: కుండ ఎంత కష్టపడినా దాటలేని హద్దు ఒకటుంది. థర్మామీటరు బుడ్డికి తడిగుడ్డ చుట్టి ఫ్యాను కింద పెడితే అది ఎక్కడికి దిగి ఆగుతుందో, అదే ఆ హద్దు. గాలిలో తేమ ఎక్కువైతే నీరు ఆవిరవడం తగ్గుతుంది, హద్దు పైనే ఆగిపోతుంది. గాలిలో 40 డిగ్రీల వేడి, 30 శాతం తేమ ఉన్న రోజున అది దాదాపు 26 డిగ్రీలు. 36 డిగ్రీల వేడి, 65 శాతం తేమ ఉంటే దాదాపు 30. ఎండ తగ్గిన రోజునే నీళ్లు వెచ్చగా ఉంటాయన్న మాట! మామ్మ అనవసరంగా కుండని తిట్టింది. నీటిని ఆవిరి చేసే నడిచే కూలర్‌కి పొడిగాలి నాగపూర్‌లో అంత పేరుండి, సముద్రం దగ్గరి బరంపురంలో అదే కూలర్ గదిని జిగట చేసి వదిలేయడమూ ఇందుకే.

ఇదంతా ఒడియా మీడియంలో చదివే మా మేనల్లుడికి చెప్పబోయి ఒకచోట ఇరుక్కున్నాను. నేను పుస్తకం మాటలో 'బాష్పీభవనం' అన్నాను. ఒడియాలో బాష్పమంటే ఆవిరే కాబట్టి వాడికి వెంటనే అర్థమైంది. ఇంట్లో తెలుగు మాత్రమే తెలిసిన వాళ్ల అమ్మకి ఆనంద బాష్పాలు గుర్తొచ్చి, "కుండ ఏడుస్తుందేంట్రా?" అంది. 'ఆవిరవడం' అంటే సరిపోయేది. ఇదే ఊళ్లో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి సవర గిరిజనుల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ల మాటల్లోనే వాచకాలు రాశాడు. వందేళ్ల తర్వాత ఉచిత పాఠాలకి తెలుగు అనువాదాలు దొరుకుతున్నాయి, సంతోషమే. కానీ చాలా వాటిలో ఇంకా ఆ 'బాష్పాలే' కారుతున్నాయి.

మాటలు అడ్డొచ్చే చోట బొమ్మలు నయం. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల 'ఫెట్', అంటే తెర మీద కదిలే బొమ్మలతో చేసే సైన్సు ప్రయోగాలు, ఉచితం; దాన్ని నోబెల్ అందుకున్న భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టాడు. అందులో వేడి పెంచితే అణువులు గెంతి పారిపోవడం కళ్లకి కనబడుతుంది. ఒకసారి దింపుకుంటే నెట్ లేకపోయినా నడుస్తుంది. కొండవైపు ఊళ్లలో సిగ్నల్ సంగతి తెలిసినవాళ్లకి దీని విలువ తెలుస్తుంది.

మేనల్లుడు మాత్రం బొమ్మతో ఆగలేదు. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని రంధ్రాలు మూసుకుపోయిన పాత కుండ ఒకటి, బయట నున్నటి రంగు పూసి అమ్మే కుండ ఒకటి, మామూలు కుండ ఒకటి పట్టుకుని వీధి చివర కిరాణా కొట్టుకి వెళ్లాడు. పొద్దున్న, సాయంత్రం కాటా మీద తూచి ఏది ఎంత తరిగిందో చూస్తాడట. రంగుది ఓడిపోతుందని వాడి పందెం. మొదటిరోజు కొట్టాయన ఏమీ అనలేదు. రెండోరోజు మామూలు కుండ కింద బియ్యం బస్తా తడిసేసరికి మూడు కుండల్నీ అరుగు మీదకి పంపేశాడు.