ప్రైవసీ సాఫ్ట్‌వేర్‌కి కోడ్ రాస్తే కేసులవుతాయా? కొన్ని అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో ఇంటి నుంచే కంపెనీ ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు ఒక ఓపెన్ సోర్స్ (ఎవరైనా కోడ్ చూసి మార్పులు పంపగల) ప్రైవసీ ప్రాజెక్టుకి వచ్చే కోడ్ రివ్యూ చేస్తుంటాను. ఆదివారాలు చుట్టుపక్కల ఇంజనీరింగ్ పిల్లలు వస్తారు. ఏ బ్యాచ్ వచ్చినా మొదట అడిగేది కోడ్ మార్పులు నమోదు చేసే గిట్ గురించి కాదు, పోలీసుల గురించి.

పోయిన నెల కావలి నుంచి ఒక తండ్రి ఫోన్ చేశాడు. "సార్, మా అమ్మాయి టార్‌కి పనిచేస్తోందంట. అది డార్క్ వెబ్ అంట గదా. రేపు పాస్‌పోర్టు వెరిఫికేషన్‌కి వస్తే ఏం చెప్పేది?" ఎవరో బంధువు వీడియో చూసి చెప్పాడట. టార్ అంటే ఇంటర్నెట్‌లో మనం ఎవరో, ఎక్కడున్నామో తెలియకుండా సైట్లు చూసుకోనిచ్చే సాఫ్ట్‌వేర్. మూడు రోజులుగా ఇంట్లో సరిగ్గా అన్నాలు లేవు. ఆ అమ్మాయి చేసిందేమిటి? సెట్టింగ్స్ పేజీలో ఒక బటన్ మీద అక్షరాలు తెగిపోతుంటే సరిచేసింది. అంతే.

అపోహ: ఇలాంటి సాఫ్ట్‌వేర్‌కి పనిచేస్తే కేసు, వీసా రాదు, ఉద్యోగం రాదు.

పిల్లలకు ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ మాటే. బాగా రాయగలిగినవాళ్లు కూడా దీనికి భయపడి వెనక్కి పోతున్నారు.

టార్‌కి మూలమైన ఆనియన్ రౌటింగ్ (సమాచారాన్ని పొరలు పొరలుగా మూసి, పలు కంప్యూటర్ల మీదుగా పంపడం) ఆలోచన 1990ల్లో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టింది. టార్ ప్రాజెక్ట్ 2006 నుంచి లాభాపేక్ష లేని సంస్థగా నడుస్తోంది. బీబీసీ తన వార్తల సైట్‌ని టార్ మీద కూడా పెట్టింది. దొంగలూ వాడతారు, నిజమే. దొంగలు బైకులూ వాడతారు, బైకు మెకానిక్ మీద కేసు పెట్టరు కదా.

మన చట్టం సంగతి. ఐటీ చట్టం, 2000లో 66వ సెక్షన్ చూసేది అనుమతి లేకుండా దురుద్దేశంతో ఇంకొకరి కంప్యూటర్లో చొరబడ్డావా, పాడుచేశావా అని. అందరూ చూసేలా పెట్టిన కోడ్‌లో బగ్ సరిచేయడం అందులోకి రాదు. గోప్యత ప్రాథమిక హక్కు అని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా చెప్పారు. ఆ తండ్రికి ఇదంతా చెప్పి, "అన్నా, అమ్మాయి చేసిన మార్పు ఆమె పేరుతోనే అందరికీ కనబడేట్టు ఉంటుంది, ఇంటర్వ్యూలో ధైర్యంగా చూపించుకోవచ్చు" అన్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే అన్నం తినమంటాను సార్" అన్నాడు.

నిజంగా చిక్కు తెచ్చే పనులు వేరే ఉన్నాయి. వాటి గురించి మాత్రం ఎవరూ భయపడరు. నా దగ్గరికి వచ్చే ఒక కుర్రాడు "నేర్చుకుంటున్నాను" అంటూ తన కాలేజీ సర్వర్‌ని అనుమతి లేకుండా స్కాన్ చేశాడు. నోటీసు వచ్చింది, వాళ్లమ్మ వెళ్లి బతిమాలుకోవాల్సి వచ్చింది. ప్రయోగాలు నీ ల్యాప్‌టాప్ మీదే చెయ్యి. ఇంటి ఇంటర్నెట్ మీద టార్ ఎగ్జిట్ రిలే (టార్ వాడేవాళ్ల సమాచారం చివరగా బయటికి వెళ్లే కంప్యూటర్) నడపకు. ఎవరో చేసిన పనికి అవతలి సైట్‌లో నీ ఐపీ అడ్రసే కనబడుతుంది. ఇంట్లో ఎగ్జిట్ పెట్టవద్దని టార్ వాళ్లే చెబుతారు. సాయం చేయాలనుంటే బ్రౌజర్లో టార్ వాళ్ల స్నోఫ్లేక్ ఎక్స్‌టెన్షన్ పెట్టుకో. అందులో నువ్వు టార్ లోపలికి దారి మాత్రమే ఇస్తావు, బయటికి వెళ్లేది వేరే రిలే నుంచి. ఇక సెక్యూరిటీ లోపం కనబడితే అందరూ చూసే చోట పెట్టకుండా, ప్రాజెక్టు చెప్పిన చిరునామాకి రహస్యంగా పంపు.

అపోహ: కోడ్ పంపి నెలైంది, జవాబు లేదు. నేను పనికిరాను.

ఇది అడిగేటప్పుడు పిల్లల గొంతు వణుకుతుంది. టెన్షన్ పడకు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న కంప్రెషన్ సాఫ్ట్‌వేర్‌లో దొంగదారి బయటపడింది. దాన్ని పెట్టింది రెండేళ్లకు పైగా మంచి మంచి మార్పులు పంపి నమ్మకం సంపాదించిన ఒక వాలంటీరు ఖాతా. లాగిన్‌కి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వి చూడబట్టి దొరికింది. అందుకే కొత్తవాళ్ల కోడ్‌ని, ముఖ్యంగా ప్రైవసీ ప్రాజెక్టుల్లో, మేము వరుస వరుసా చదువుతాం. చదివేవాళ్లం తక్కువ, అందరికీ ఉద్యోగాలున్నాయి. రెండు వారాలాగి మర్యాదగా ఒకసారి గుర్తుచెయ్యి. మార్పు చిన్నదిగా పంపు. నలభై వరుసలైతే ఆ రాత్రే చూస్తాను, నాలుగు వేలైతే సెలవు దొరకాలి.

మిగతావి

క్రిప్టోగ్రఫీ (సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చే విద్య) రావాలా? అక్కర్లేదు. ఆ భాగాన్ని కొత్తవాళ్లను ముట్టుకోనివ్వం కూడా.

కోడ్ అందరికీ కనబడితే హ్యాకర్లకు సులువా? రహస్యం తాళంచెవిలో ఉండాలి, తాళం తయారీలో కాదు. ఈ సూత్రం 1883 నాటిది.

డబ్బు కట్టాలా? ఓపెన్ సోర్స్ ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ అని ఫీజు అడిగితే ఫోన్ పెట్టెయ్యండి. 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్ అయినా, అవుట్‌రీచీ అయినా పనిచేసేవాళ్లకే డబ్బిస్తాయి.

కోడింగ్ రాకపోతే? అనువాదం ఉంది, అది చిన్న పనేమీ కాదు. నేను మొదట చేసింది అదే. ఒక మెసేజింగ్ యాప్‌లో అవతలి వ్యక్తి గుర్తింపు ఇంకా సరిచూడలేదనే హెచ్చరికని "గుర్తింపు చెల్లదు" అని రాసి పంపాను. అది చూసి మా అమ్మ కంగారుగా, "నా ఆధార్ చెల్లదంటోందిరా ఫోను" అంది. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు రకాలుగా రాసి చదివించాను. "మీరు మాట్లాడుతున్నది వాళ్లతోనేనా అని ఒకసారి సరిచూసుకోండి" అన్నది ఆమెకు వెంటనే అర్థమైంది. తర్వాతి వెర్షన్‌లో ఆ వాక్యమే వచ్చింది.