వేషం మారినా రెక్కలు దాగవు

యుద్ధ సినిమాల్లో హెలికాప్టర్ కనిపించకముందే దాని చప్పుడు వినిపిస్తుంది. గాలిని ఎవరో బాదుతున్నట్టు టప్ టప్ టప్ అని వస్తే అది చాలావరకు హ్యూయీయే. వియత్నాంలో అమెరికా సైన్యాన్ని మోసిన బెల్ యూహెచ్-1 అన్నమాట. 1956లో మొదటిసారి ఎగిరింది. సైన్యంలోకి వచ్చిన కొత్తలో దాని పేరు హెచ్‌యూ-1. ఆ అక్షరాలనే సైనికులు హ్యూయీ అని పలికారు. 1962లో అక్షరాలు తారుమారైనా పిలుపు మారలేదు.

ఆ చప్పుడంతా దాని రెండు వెడల్పాటి రెక్కలది. ఈ కొస నుంచి ఆ కొసకు 14.6 మీటర్లు, నిమిషానికి 324 చుట్లు. అంటే రెక్క కొస సెకనుకు దాదాపు 248 మీటర్లు పోతుంది. హెలికాప్టర్ ముందుకు దూసుకెళ్తుంటే, ఎదురుగాలిలోకి వచ్చే రెక్కకు ఆ వేగం కూడా కలిసి ధ్వని వేగానికి దగ్గరపడుతుంది. కిందికి దిగేటప్పుడైతే ముందు రెక్క వదిలిన గాలిసుడిని వెనక రెక్క ఢీకొడుతుంది. ఇలా సెకనుకు దాదాపు 11 దెబ్బలు.

అయితే సినిమాలో చప్పుడు తర్వాత కలిపేది కావచ్చు. అందుకే తెర మీద ఉన్నది ఏ హెలికాప్టరో గుర్తుపట్టడానికి నేను కంటినే ఎక్కువ నమ్ముతాను, అందులోనూ ముందు రెక్కలు లెక్కపెడతాను. రంగు మార్చవచ్చు, తుపాకులు తగిలించవచ్చు, ముక్కుకు తొడుగు వేయవచ్చు. రెక్కల జోలికి మాత్రం ఎవరూ పోరు. ఎగరడం వాటి మీదే ఆధారపడింది మరి.

1988 నాటి 'రాంబో 3' చూడండి. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో సోవియట్ యుద్ధ హెలికాప్టర్ ఎంఐ-24 దొరికే దారి లేక, ఫ్రాన్స్‌లో పుట్టిన ప్యూమా హెలికాప్టర్‌కు దాని వేషం వేశారు. విమానానికి ఉన్నట్టు రెండు పక్కలా చిన్న రెక్కలూ, ఆయుధాలూ తగిలించి బాగానే నమ్మించారు. కానీ అసలుదానికి పైన ఐదు రెక్కలు, ప్యూమాకు నాలుగే. అసలుదాంట్లో ముందుభాగంలోని సిబ్బంది ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు, ప్యూమాలో పక్కపక్కన.

ఆ రెక్కల లెక్క కూడా ఇంజను మొదలయ్యేటప్పుడో ఆగేటప్పుడో పెట్టాలి. మామూలుగా సినిమా సెకనుకు 24 ఫ్రేములు. ఒక ఫ్రేముకూ ఇంకోదానికీ మధ్య హ్యూయీ రెక్క 81 డిగ్రీలు జరిగిపోతుంది. అందుకే పూర్తి వేగంలో రెక్కలు ఉన్నచోటే ఊగుతున్నట్టో, వెనక్కి తిరుగుతున్నట్టో భ్రమ కలుగుతుంది.

రెక్కలు కూడా ఏమీ చెప్పని సందర్భం ఒకటుంది. 'ఫుల్ మెటల్ జాకెట్' వియత్నాం కథే అయినా ఇంగ్లండ్‌లో తీశారు. అందులో అమెరికా హెచ్-34గా కనిపించేది బ్రిటన్ వెస్సెక్స్. అది హెచ్-34 నుంచే పుట్టింది కాబట్టి రెండింటికీ నాలుగేసి రెక్కలు. అప్పుడు ముక్కు చూడాలి. రెండింటికీ ఇంజను అక్కడే, పైలట్ కూర్చునే చోటుకు దిగువన ఉంటుంది. అమెరికాదాంట్లో పిస్టన్ ఇంజను, బ్రిటన్‌దాంట్లో టర్బైన్. వెస్సెక్స్ ముక్కుకు రెండు పక్కలా పొగగొట్టాలు కనిపిస్తాయి.

కొరియా యుద్ధ కథల్లో ఇంత తంటా లేదు. గాజు బుడగలాంటి ముందుభాగం, ఊచలు అల్లినట్టుండే తోక, రెండు పక్కలా స్ట్రెచర్లు ఉంటే అది బెల్ 47.

హ్యూయీల్లోనూ తేడాలున్నాయి. పొట్టి ‘బి’ రకానికి పక్క తలుపులో ఒకే కిటికీ. పొడుగు ‘డి’, ‘హెచ్’ రకాలకు రెండు. గాలివేగం కొలిచే సన్నటి గొట్టం ‘డి’కి ముక్కు మీద ఉంటుంది, ‘హెచ్’కి సాధారణంగా పైకప్పు మీద. ‘హెచ్’ సైన్యంలోకి వచ్చింది 1967లో. 1965 నాటి పోరాటమని చెప్పే సన్నివేశంలో ఆ గొట్టం కప్పు మీద కనిపిస్తే, ఆ హెలికాప్టర్ కథ జరిగిన కాలానిది కాదు.