పాట అదే, మరి హిట్ ఇప్పుడెందుకయింది?

2025 మాఘమాసంలో ఒడిశాలోని మా రాయగడలో ఏ పెళ్లి ఊరేగింపు చూసినా డీజే బాక్సుల్లో ఒకటే పాట, ‘ఛీ ఛీ ఛీ రే ననీ’. సత్యనారాయణ్ అధికారి కొరాపుటియాలో, అంటే కొరాపుట్ వైపు ఒడియా యాసలో, పాడిన ఆ పాట కొత్తదేమీ కాదు, రీల్స్ అనేవి పుట్టకముందు నుంచీ ఉన్నదే. అలాంటిది 2024 చివర్లో ఉన్నట్టుండి లేచి, ఒడియా ముక్క రాని వాళ్ల ఫోన్లలో కూడా మోగింది. గొంతు అదే, ట్యూన్ అదే, మాటలూ అవే. పాటలో దమ్ముంటే హిట్ అవుతుందంటారు కదా, మరి ఆ దమ్ము ఇన్నేళ్లూ ఎక్కడికి పోయినట్టు?

పాటలో విషయం లేదనడం లేదు. విజయనగరం నుంచి వచ్చిన మగపెళ్లివారు మొదటిసారి పల్లవి విని ఊరుకున్నారు, రెండోసారికి ఆ మూడు ‘ఛీ’ల దగ్గర సరిగ్గా చేతులు లేచాయి, మూడోసారికి ‘తమ్ముడూ, ఆ ననీ మళ్లీ వెయ్యరా బాబూ’ అని డీజే కుర్రాడి మీద పడ్డారు. వాడు చరణం జోలికే పోడు, పల్లవి అవగానే కట్ చేసి మళ్లీ మొదటికొస్తాడు. ఎలిజబెత్ మార్గులిస్ అనే సంగీత పరిశోధకురాలు చేసిన ప్రయోగమూ దాదాపు ఇదే. మామూలు చెవికి కొరుకుడుపడని ఆధునిక పాశ్చాత్య సంగీతం తీసుకుని, అందులో కొన్ని ముక్కల్ని కత్తిరించి రిపీట్ చేసి వినిపిస్తే, అసలుకంటే ఈ అతికించిందే బాగుందన్నారు విన్నవాళ్లు, పైగా దీన్ని కంప్యూటర్ కాదు, మనిషే కట్టి ఉంటాడన్నారు! తర్వాత ఏం వస్తుందో తెలిస్తే మెదడు దానికోసం కాచుకుని కూర్చుంటుంది. ఇష్టమైన పాటలో ఒళ్లు పులకరించే చోటుకి కొన్ని సెకన్ల ముందే మెదడులో డోపమైన్ అనే హుషారు రసాయనం విడుదలవుతుందని కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీ వాళ్లు 2011లో స్కాన్లు తీసి మరీ చూపించారు.

కానీ ఇలా పట్టేసే పల్లవులు కోకొల్లలు, అన్నీ లేవవు. ఎందుకో తెలియాలంటే సాల్గానిక్, డాడ్స్, వాట్స్ అనే ముగ్గురు 2006లో ప్రచురించిన ప్రయోగం చూడాలి, ఈ విషయం మీద నాకు తెలిసి దాన్ని మించింది లేదు. ఎవరికీ పెద్దగా తెలియని బ్యాండ్ల పాటలు 48 తీసుకుని ఇంటర్నెట్‌లో పెట్టారు, 14 వేల మందికి పైగా వచ్చి విన్నారు. కొందరికి బ్యాండ్ల పేర్లు, పాటల పేర్లు తప్ప ఇంకేమీ కనిపించవు. మిగతావాళ్లని ఎనిమిది గుంపులుగా విడదీసి, తమ గుంపులో ఏ పాట ఎన్నిసార్లు డౌన్‌లోడ్ అయిందో చూపించారు, పక్క గుంపు సంగతి మాత్రం తెలియనివ్వలేదు. పాటలు అవే, అందరి లెక్కా సున్నా నుంచే మొదలు. తీరా చూస్తే ఒక్కో గుంపులో ఒక్కో పాట హిట్. సొంతంగా విన్నవాళ్ల లెక్కలో 26వ స్థానంలో ఉన్న ఒక అత్తెసరు పాట ఒక గుంపులో నంబర్ వన్ అయింది, ఇంకో గుంపులో 40వ స్థానానికి పోయింది. బాగా మంచి పాటలు అడుక్కి పోవడం అరుదు, మరీ చెత్తవి పైకి రావడమూ అరుదే, కానీ మధ్యలో ఉన్నవాటి జాతకం మాత్రం ముందొచ్చిన నలుగురు ఏది నొక్కారన్న దాని మీదే ఆధారపడింది.

2020 జూన్ చివర్లో టిక్‌టాక్‌ని నిషేధించారు, జులైలో మన దేశంలోకి రీల్స్ వచ్చాయి. ఇక్కడ పాట వినేవాడే దాన్ని మోసేవాడు కూడా. నచ్చిన ఆడియో మీద నొక్కి పదిహేను సెకన్లు తనూ గెంతితే అది వాడి చుట్టాలకి, చుట్టాల ఫ్రెండ్స్‌కి చేరుతుంది, ఆ ప్రయోగంలోలాగే ఎంతమంది వాడారో అంకె కూడా కనిపిస్తుంది.

మరి ఆ అంకెనే దొంగగా పెంచేస్తే? అదీ చేసి చూశారు. సాల్గానిక్, వాట్స్ 2008లో ప్రచురించిన ఇంకో ప్రయోగంలో డౌన్‌లోడ్ల లెక్కని తలకిందులు చేసి, అడుగునున్న పాటల్ని పైనున్నట్టు చూపించారు. చాలా పాటలకు ఆ అబద్ధపు పేరే నిజమై కూర్చుంది. బాగా మంచివి మాత్రం నెమ్మదిగా మళ్లీ పైకి పాకాయి. ఇంకోటి కూడా జరిగింది, వ్యూస్ కొనుక్కునేవాళ్లు చదవాల్సింది: అలా మోసపోయిన వాళ్లలో అసలు మొత్తం డౌన్‌లోడ్లే తగ్గిపోయాయి.